మూడో ప్రకటన

పోయిన ఆదివారం మా జయన్న వచ్చాడు. నేను పెండ్లి చేసుకుని ఆళ్ళగడ్డలోనే కాపురం పెట్టినాక అన్న మా గడప తొక్కడం ఇదే మొదలు. నంద్యాల ఏమంత దూరం కాదు, పొద్దున బస్సెక్కితే ఎండ ముదరకముందే దిగొచ్చు. కానీ జయన్నకు ఈ ఊరంటే చేదు, మా అత్తకు జయన్న పేరంటే చేదు. ఆ ఇద్దరి మధ్య నేను ఎవరినీ రమ్మనకుండా, ఎవరినీ నొప్పించకుండా ఇన్నేండ్లు నెట్టుకొచ్చాను. ఈసారి నేనే కబురు పెట్టాను, నా కొడుకును ఒకసారి చూసి పొమ్మని.

కిరణ్‌కు నాలుగో ఏడు నడుస్తోంది. మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. గిన్నె మూతను బండల మీద గిరగిరా తిప్పి, అది తూలి పడేదాకా కళ్ళప్పగించి చూస్తాడు, మళ్ళీ తిప్పుతాడు. కుక్కరు కూత పెడితే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకుంటాడు. నూనె రాయించి ప్రార్థన చేయించాలని మా అత్త అంటుంది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి వాణ్ణి ఒకసారి చూసి తల తిప్పుకుంటాడు. పోయిన నెల కర్నూల్లో ఒక పిల్లల డాక్టరుకు చూపించాము. ఆయన చాలాసేపు వాణ్ణి గమనించి ఆటిజం అనే మాట చెప్పాడు. దీనికి మందు లేదమ్మా, మీరే అర్థం చేసుకుని పెంచుకోవాలి అన్నాడు. మీ రెండు కుటుంబాల్లో ఇట్లాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే మా ఆయన లేరన్నాడు. నేను ఉన్నారన్నాను. మా అన్న చిన్నప్పటి సంగతులు నేను చెప్పుకుంటూ పోతుంటే డాక్టరు తల ఊపుతూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ మా ఇంట్లో మొండితనమనీ, తిక్క అనీ, దయ్యమనీ పిలిచిన దానికి ఒక పేరుందని నాకు ఆ రోజు తెలిసింది. ఇంటికొచ్చినాక మా అత్త ఒక్క మాటే అనింది. "మీ పుట్టింటి నుంచి తెచ్చినావు."

జయన్న వచ్చేసరికి ఇల్లంతా కిరణ్ ఏడుపే. చర్చికని తొడిగిన కొత్త చొక్కాతో పొద్దున మొదలుపెట్టిన ఏడుపు అది. అన్న నన్ను పలకరించలేదు, మా అత్తకు వందనం చెప్పలేదు. సంచి గుమ్మం దగ్గర దించి, వాడి ముందర గొంతుక్కూచున్నాడు. వాడి మొహంలోకి చూడకుండా, వాణ్ణి తాకకుండా కాసేపు అట్లే ఉండి, "పాపా, చొక్కా ఇప్పు," అన్నాడు. అన్న నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు.

"ఏమన్నా?"

"కుట్లు గీరుకుంటాండాయి. తిరగేసి తొడుగు."

తిరగేసి తొడిగాను. కుట్లన్నీ బయటికి వచ్చాయి. వాడు రెండు ఎక్కిళ్ళు పెట్టి ఊరుకున్నాడు. మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమప్పా, తిరగేసిన చొక్కాతో తిప్పితే జనం నగరా?" అనింది. "నగనీ. వానికి నొప్పి లేదు గదా," అన్నాడు అన్న. ఈ రాత్రి వాడు నిద్రపోయాడు. వాడు పడుకున్నాకే నాకు కాగితం ముందర పెట్టుకునే వీలు. ఏం రాయాలో తెలియకుండానే కూచున్నాను. రాసేకొద్దీ మా అమ్మ శనివారం సాయంత్రాలే కళ్ళ ముందర మెదులుతున్నాయి.

మా నాయన ఈ ఊరి మిషను బడిలో అయ్యవారు. చర్చిలో సంఘ పెద్ద. శనివారం సాయంత్రం మా ఇంట్లో అన్నం గంజి వాసన, బొగ్గుల ఇస్త్రీ పెట్టె వాసన, వాటి మధ్య నాయన తలకు రాసుకునే ఆముదం వాసన. నాయన తెల్ల పంచె, తెల్ల చొక్కా గంజికి బిర్రుగా నిలబడాలి. కొడుకు చొక్కా కూడా అట్లే ఉండాలి. అమ్మ నాయన కంటి ముందర రెండు చొక్కాలూ ఒకే గంజిలో ముంచేది. నాయన బజారుకు పోగానే జయన్న చొక్కా ఒక్కదాన్ని పెరట్లోకి తీసుకుపోయి, బకెట్ల కొద్దీ నీళ్ళు మార్చి, గంజంతా పోయేదాకా పిసికి, మెత్తగా ఆరేసేది. ఎందుకమ్మా అంటే, "వాడు ఓర్వలేడు పాపా," అనేది, అంతే. ఆమె ఏ డాక్టరునూ అడిగింది లేదు. బడిలో పిల్లలు తిక్కోడని రాళ్ళు వేస్తే పోయి తగవు పడిందీ లేదు. చొక్కా మాత్రం ఏ వారమూ మరవలేదు.

జయన్నకు రాగి సంగటి కావాలి, దాని మీదికి వేరుశనగ బుడ్డల ఊరుబిండి కావాలి. ఆ పచ్చడి లేని రోజు పస్తే. శిల్పులు రాళ్ళు చెక్కే వీధిలో నిలబడితే ఉలి చప్పుడు వింటూ పొద్దు గూకేదాకా కదిలేవాడు కాదు. చర్చిలో డోలక్కు మోగితే మాత్రం వణికిపోయేవాడు. చెవుల్లో దూది పెట్టుకుని మగవాళ్ళ వరసలో నాయన పక్కన ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటే, నాయన ఎవరూ చూడకుండా తొడ గిల్లేవాడు. నేను ఆడవాళ్ళ చాప మీద నుంచి ఆ వేళ్ళను చూసేదాన్ని. అన్న మనుషుల కళ్ళలోకి చూడడు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. ఒకసారి నాయన అయ్యగారిని, అంటే మా పాస్టరుగారిని, భోజనానికి పిలిచి, "మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే అయ్యా, ఉన్నంతలో," అంటే, అన్న తల వంచుకునే, "ఎప్పుడూ లేదు. ఈ దినమే కోడి కోసినారు," అన్నాడు. అయ్యగారు నవ్వారు. ఆయన పోయినాక నాయన నవ్వలేదు.

పది తప్పినాక అన్నను నంద్యాలలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పెట్టారు. సీసం అక్షరాలను గళ్ళలోంచి ఏరి వరసగా పేర్చే పని. అది అన్న కోసమే పుట్టినట్టుండేది. ఎవరితో మాట్లాడనక్కరలేదు, ఏ గడిలో ఏ అక్షరమో చూడకుండా తీసేవాడు. ఆ ప్రెస్సులోనే అచ్చు మిషను తొక్కే నాగేశ్ అనే అతనితో కలిసి గది తీసుకున్నాడు. నేను అప్పట్లో నంద్యాలలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. శనివారం మధ్యాహ్నం అన్న వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయేవాడు. ఆ రోజుల్లో అన్న మాటల నిండా నాగేశే. నాగేశ్ ఈ పాట పాడినాడు, నాగేశ్‌కు వంకాయ పడదు, నాగేశ్ నవ్వితే పై పన్ను ఒకటి వంకర. అంత మాట్లాడే అన్నను నేను ముందెప్పుడూ చూడలేదు. నాకు సంతోషంగానే ఉండేది, అన్నకొక స్నేహితుడు దొరికాడని.

ఒక శనివారం బస్సులో అన్న ఊగడం మొదలుపెట్టాడు. పక్కవాళ్ళు చూస్తున్నారు. ఏమన్నా అని మెల్లగా అడిగాను.

"నాగేశ్ పోయినాడు. బేతంచెర్లలో పెండ్లి. వాళ్ళ మామ బండల పాలిషు పనిలో పెట్టిస్తాడంట. ఇంక రాడు."

"మంచిదే కదన్నా."

"నాకు కూడు పోవడం లేదు పాపా. నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. నాగేశ్ మీద పోయింది. ఆయప్పకూ నా మీద ఉన్నింది. చెప్పినాడు."

కండక్టరు వెనక సీట్లో టికెట్లు కొడుతున్నాడు. ఇట్లాంటిది ఉంటుందని చదివిన దాన్ని కాదు, విన్న దాన్ని కాదు. హాస్టల్లో అమ్మాయిలు మగాళ్ళ గురించి చేసే ఎగతాళిలో ఒక పాడు మాటగా తప్ప. "మెల్లగా అన్నా, మెల్లగా," అన్నాను. "మెల్లగానే చెప్తాండా గదా," అన్నాడు. నిజంగానే మెల్లగానే చెప్పాడు.

మా ఇంట్లో పొద్దుగూకినాక కుటుంబ ప్రార్థన ఉండేది. లాంతరు చుట్టూ చాప మీద కూచుని, నాయన ఒక్కొక్కరి పేరూ ఎత్తి దేవునికి అప్పగించేవాడు. అమ్మ పేరు, జయపాల్ పేరు, నా పేరు. ఆ తర్వాత ఎవరి మనవి వాళ్ళు చేసుకోవాలి. ఆ ఏడు ఇంటికొచ్చిన ప్రతిసారీ అన్న మనవి ఒక్కటే, "దేవా, నన్ను మార్చు." దేన్నించి మార్చాలో నాయనకు తెలియదు, కొడుకు తిక్క తగ్గించమని అడుగుతున్నాడనుకుని గట్టిగా ఆమెన్ అనేవాడు. నాకు ఒక్కదానికే తెలుసు. అన్న వారానికి ఒక దినం ఉపవాసముండేవాడు. చెంపలు లోపలికి పోయాయి. నంద్యాలలో ఎక్కడో స్వస్థత కూటానికి పోతే, నలుగురైదుగురు ఒకేసారి తల మీద చేతులు పెట్టి నొక్కారట. తాకితేనే ఓర్వలేని మనిషి, అరిచి పడిపోయాడు. దయ్యం అరుస్తోందని వాళ్ళు ఇంకా గట్టిగా నొక్కారట. ఆ రాత్రి ఇంటికొచ్చి అమ్మతో, "అమ్మా, నా లోపల ఎవురూ లేరు, నేనే ఉండా," అన్నాడు. అమ్మకు అర్థమైందో లేదో, తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని నాయన తీర్మానించాడు. కొలిమిగుండ్ల దగ్గరి పల్లెలో ఒక అయ్యవారి కూతురు ప్రేమలత. వాళ్ళది లేని కుటుంబం. పిల్లవాడు నెమ్మదస్తుడు, తాగుడు లేదు, పేకాట లేదు అని ఒప్పుకున్నారు. పెండ్లిచూపుల్లో అన్న నేల వైపే చూస్తుంటే, ఎంత సిగ్గు అని మురిసిపోయారు. అదే వారం అన్న నాగేశ్‌ను చూడను బేతంచెర్లకు పోయివచ్చాడు. వచ్చి నాకు చెప్పిందింతే. "నాగేశ్ నవ్వడం మానేసినాడు. ఆ పిల్ల లోపల రొట్టెలు చేస్తా ఏడుస్తాంది. ఈయప్ప వాకిట్లో కూచోనుండాడు. ఇద్దరూ ఏడ్చేదానికి పెండ్లెందుకు పాపా?" నాయనతో చెప్పన్నా అన్నాను. చెప్పాడంట. నాకు పెండ్లి వద్దు నాయనా అంటే, అందరూ అట్లే అంటారులే అన్నాడంట నాయన.

మా చర్చిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. పెండ్లికొడుకు పేరు, వాళ్ళ నాయన పేరు, పెండ్లికూతురు పేరు, వాళ్ళ ఊరు చదివి, వీరిద్దరినీ కలపకూడని కారణం ఎవరికైనా తెలిసి ఉంటే ఇప్పుడే చెప్పవలెను అంటారు. ఎవరూ చెప్పరు. వింటున్నవాళ్ళు దగ్గుకుంటారు, పిల్లలను సర్దుకుంటారు, ఆ తర్వాత పాట ఎత్తుకుంటారు. నా బుద్ధి తెలిసినప్పటి నుంచి ఎన్ని జంటల పేర్లు విన్నానో, ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పింది లేదు. పెండ్లికి ముందు చెప్పాల్సిన నాలుగు మంచి మాటలు చెప్పడానికి అయ్యగారు మా ఇంటికి వచ్చినప్పుడు అన్న ఆ ప్రకటన గురించే అడిగాడు.

"ఎవరికైనా అంటే ఎవురయ్యా?"

"ఎవరైనా నాయనా. సంఘంలో ఉన్న ప్రతి ఒక్కరూ."

"పెండ్లికొడుకు కూడానా?"

అయ్యగారు పొట్ట కదిలేలా నవ్వి, "అందరితోపాటు పెండ్లికొడుకూ! తెలిసి చెప్పకుండా దాచితే దేవుని ముందర దోషమే," అని, నాయన వైపు తిరిగి, "మీవాడు బలే చమత్కారి," అన్నారు. అన్న నవ్వలేదు. చొక్కా అంచును బొటనవేలితో రుద్దుకుంటూ ఆ మాటలను లోపల పెట్టుకున్నాడు.

మొదటి ఆదివారం పేర్లు చదివారు. అన్న ఊగుతూ కూచున్నాడు. రెండో ఆదివారం ప్రకటన కాగానే లేవబోయినట్టు మోకాళ్ళ మీదికి వచ్చాడు, ఇంతలో డోలక్కు మోగింది, చెవులు పట్టుకుని కూలబడ్డాడు. పెండ్లికని అన్నా నేనూ సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాము. ఆ వారమంతా అన్న పెరట్లో గోడకు ఎదురుగా నిలబడి పెదాలు కదిపేవాడు. అన్నకు మాటలు అప్పటికప్పుడు రావు, ముందే పేర్చి పెట్టుకోవాలి, ప్రెస్సులో అక్షరాల మాదిరి. అమ్మ, ప్రార్థన చేసుకుంటున్నాడనుకుంది.

మూడో ఆదివారం అయ్యగారి నోట్లో చివరి మాట ఇంకా ఉండగానే అన్న లేచి నిలబడ్డాడు. అమ్మ నీళ్ళలో జాడించి మెత్తగా చేసిన చొక్కా, చెవుల్లో దూది.

"అయ్యగారూ, కారణముంది."

వెనకెవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని, "జయపాల్, కూచో నాయనా," అన్నారు.

"మీరే అడిగినారు. తెలిసి దాచితే దోషమన్నారు. నేను ఆ పిల్లకు మొగుడుగా ఉండలేను. నా మనసు మగోళ్ళ మీదనే పోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఉపవాసముండినా, ప్రార్థన చేసినా, పోలేదు. పెండ్లయితే ఆ పిల్ల ఏడుస్తాది. ఇదే కారణం."

అని కూచున్నాడు. నా పక్కనున్న ముసలమ్మ, "ఏమంటాండాడే?" అని కోడల్ని పొడిచింది. "ఏమో అత్తా, తిక్క మాటలు," అనింది కోడలు. ఎవరికి ఎంత అర్థమైందో తెలియదు గానీ మగవాళ్ళ వరసలో అన్న చుట్టూ ఉన్నవాళ్ళు జరిగి జరిగి, చాప మీద అన్న ఒక్కడే మిగిలాడు. అప్పుడు నాయన లేచాడు. బిర్రుగా నిలబడిన ఆ తెల్ల బట్టల్లో మెల్లగా నడుచుకుంటూ బయటికి పోయాడు. చెప్పులు వేసుకోవడం మరిచి, ఎండలో ఒట్టి కాళ్ళతో ఇంటిదాకా పోయాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అయ్యగారు ఏ పాటా ఎత్తకుండా, దీవెన కూడా సగమే చెప్పి, జనాన్ని పంపేశారు.

మరుసటి దినం ప్రేమలత నాయన వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, "అయ్యవారూ, మీరూ చదువు చెప్పేవాళ్ళే. ఇట్లాంటోణ్ణి నా బిడ్డకు అంటగట్టను చూసినారు. ఆ పిల్ల ఊర్లో తలెత్తుకునేది ఎట్ల?" అన్నాడు. నాయన చేతులు కట్టుకుని విన్నాడు. అన్న లోపల నుంచి వచ్చి, "అందుకే చెప్పినా," అన్నాడు. ఆ మనిషి అన్నను పైకీ కిందికీ చూసి, ఉమ్మేసి పోయాడు. నాయన కొట్టలేదు, తిట్టలేదు. సంఘ పెద్ద పని వదిలేసి చివరి వరసలో కూచోవడం మొదలుపెట్టాడు. నాకొచ్చిన సంబంధాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి. ఆ ఇంటి పిల్లనా అని.

అన్నిటికంటే నాకు భారంగా గుర్తున్నది సాయంత్రపు ప్రార్థన. నాయన అమ్మ పేరెత్తాడు, నా పేరెత్తాడు, ఆమెన్ అన్నాడు. "నాయనా, నా పేరు మర్చిపోయినావు," అన్నాడు అన్న. నాయన లేచి పోయాడు. మరుసటి సాయంత్రమూ అంతే. అన్న ప్రతిసారీ గుర్తు చేసేవాడు. నాయన కావాలనే వదిలేస్తున్నాడని అన్నకు తోచలేదు. మనిషి అన్నాక మరుపు సహజమని ఓపిగ్గా చెప్పేవాడు. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం నాయన ఆమెన్ అన్నాక అన్న ఏమీ అనలేదు. కళ్ళు మూసుకుని తనే, "జయపాల్‌ను కూడా కాపాడు దేవా," అన్నాడు. అంతటితో ఆపేశాడు. నన్ను మార్చు అని అన్న అడగకపోవడం అప్పుడు గమనించాను. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. నాయన ఆ మాట విని లాంతరు వత్తి తగ్గించాడు.

అన్న నంద్యాలకు పోయి అదే ప్రెస్సులో, అదే గదిలో ఒంటిగా ఉండిపోయాడు. కొన్నేండ్లకు నాయనకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. అన్న వారం వారం వచ్చి గడ్డం గీసేవాడు. నాయన కంట్లో నీళ్ళు కారేవి. అవి ఎందుకో ఎవరమూ అడగలేకపోయాము, ఆయన చెప్పలేకపోయాడు. నాయన పోయినాక అమ్మ అన్న దగ్గరే ఉంటోంది. నన్ను చేసుకున్నందుకు మా ఆయన మంచివాడేనని నేననుకుంటాను. మా అత్త మాత్రం ఆ ఉపకారాన్ని గుర్తు చేయని దినం లేదు.

ఇప్పుడు నాకు డాక్టరు చెప్పిన మాట ఒకటుంది. దాన్ని పెట్టుకుని ఏం చేయాలో తెలియదు. అమ్మకు ఏ మాటా లేకపోయినా ఏం చేయాలో తెలుసు. నా బిడ్డ మెడ వంచుకుని మూత తిప్పుతున్నప్పుడు, వీడి చుట్టూ కూడా జనం జరిగి జరిగి చాప మీద ఒక్కణ్ణే మిగిలిస్తారేమో అని నాకు భయం. వీడి మనసు ఎవరి మీదికి పోతుందో, ఆ సంగతి వీడు ఎవరికి చెప్పుకుంటాడో, అసలు చెప్పుకునే మాటలు వస్తాయో లేదో.

మొన్న అన్నను సాగనంపను బస్టాండుకు పోయినప్పుడు అడగకుండా ఉండలేకపోయాను.

"వీడు నీ మాదిరే అయితే ఎట్లన్నా? నీ మాదిరి ఒంటిగా..."

"ఒంటిగా యాడుండా? అమ్మ ఉంది."

"అది కాదన్నా. వీడు బాగుంటాడా?"

"నాకు తెల్దు."

ఊరికే అయినా బాగుంటాడులే అని చెప్పొచ్చు కదా అనిపించింది. అన్న అట్లా చెప్పడు. మళ్ళీ నేనే, "నీకు బాధ లేదా?" అన్నాను.

అన్న బస్సుల వైపు చూస్తూ, పేర్చుకుని చెప్పాడు. "ఉంది. నాగేశ్ రాడు, అది బాధ. నాయన పలకకుండా పోయినాడు, అది బాధ. నేనిట్ల ఉండేది బాధ కాదు. శానా ఏండ్లు అదే బాధ అనుకున్నా. కాదు."

"ఆ ఆదివారాలు మళ్ళీ వస్తే, లేస్తావా?"

నంద్యాల బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. అన్నకు తోపులాట పడదు, అందరూ ఎక్కేదాకా చెవులు మూసుకుని పక్కన నిలబడ్డాడు. నా మాట వినపడలేదేమో అనుకున్నాను. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"మొదటి ఆదివారమే లేస్తా పాపా. ఆ పిల్ల పేరు ఇంకో రెండు వారాలు ఊరికే చదివించినా."